గుండె రక్తనాళాల జబ్బు, రాయలసీమ భోజనం: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో గుండెజబ్బు బయటపడిన ప్రతి ఇంట్లోనూ ఆహారం గురించి దాదాపు అవే సందేహాలు వినిపిస్తాయి: సంగటి మానాలా, వేరుశెనగ నూనె వదిలేయాలా, స్టెంటు (గుండె నాళంలో దారి తెరిచి ఉంచే సన్నని జాలీ గొట్టం) పడ్డాక మాంసం ముట్టుకోకూడదా. ఆ ప్రశ్నలను జబ్బు దశలను బట్టి ఇక్కడ కూర్చాము. ఏ ప్రశ్న కావాలంటే అది నేరుగా చదువుకోవచ్చు. ఇవి కరోనరీ ధమనుల (గుండె కండరానికి రక్తం అందించే నాళాల) జబ్బు ఉన్న సాధారణ రోగులకు సంబంధించిన సమాధానాలు. కిడ్నీ జబ్బు లేదా హార్ట్ ఫెయిల్యూర్ (గుండె బలహీనపడి రక్తాన్ని సరిగా పంపలేకపోవడం) కూడా ఉన్నవారికి ఉప్పు, నీరు, పండ్ల కొలతలను వారి వైద్యులే నిర్ణయించాలి.

## జబ్బు బయటపడక ముందు

గుండె నాళాల్లో కొవ్వు పేరుకోవడం అంటే లోపల అసలేం జరుగుతుంది?

ఒళ్లంతటికీ రక్తాన్ని పంపే గుండెకు, దాని సొంత కండరానికి కావలసిన రక్తం మాత్రం బృహద్ధమని మొదట్లో పుట్టే రెండు కరోనరీ ధమనుల ద్వారానే అందుతుంది. ఎడమ ధమని కొద్ది దూరంలోనే రెండు పెద్ద శాఖలుగా చీలుతుంది కాబట్టి రిపోర్టుల్లో మూడు నాళాల ప్రస్తావన కనిపిస్తుంది. కొవ్వు ఈ నాళాల లోపలి ఉపరితలానికి పైపైన అంటుకుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ నాళపు గోడలోకి చొరబడుతుంది, దానిని తొలగించడానికి వచ్చిన తెల్లరక్తకణాలు అక్కడే చిక్కుకుపోతాయి, ఆ గడ్డ మీద ఒక పొర ఏర్పడుతుంది, కొన్నాళ్లకు సున్నం కూడా చేరుతుంది. ఇదంతా దశాబ్దాల పాటు నొప్పి లేకుండా సాగుతుంది. గడ్డ పెరిగి దారి ఇరుకైతే నడిచినప్పుడు ఛాతీ పట్టేస్తుంది. గడ్డ మీది పొర చిట్లి అక్కడ రక్తం గడ్డకడితే దారి ఒక్కసారిగా మూసుకుపోయి గుండెపోటు వస్తుంది. పలుచని పొర ఉన్న చిన్న గడ్డ కూడా చిట్లగలదు కనుక, తక్కువ శాతం బ్లాక్ ఉన్నవారు నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు.

ఛాతీలో మంట వస్తే అది గ్యాసో గుండెనొప్పో ఎలా తెలుస్తుంది?

ఇంట్లో కూర్చుని కచ్చితంగా తేల్చుకోవడం సాధ్యం కాదు. మెట్లెక్కినప్పుడు, బరువు మోసినప్పుడు, కడుపునిండా తిని నడిచినప్పుడు ఛాతీ మధ్యలో బిగిసినట్టు, బరువు పెట్టినట్టు ఉండి, కాసేపు ఆగితే తగ్గేది సాధారణంగా గుండెకు సంబంధించిన నొప్పి. అది ఎడమ చేతికి, దవడకు, వీపుకు, ఒక్కోసారి పొట్ట పైభాగానికి పాకవచ్చు. మధుమేహం ఉన్నవారిలో, స్త్రీలలో, వృద్ధులలో నొప్పి లేకుండా ఆయాసం, చెమట, వాంతి, విపరీతమైన నీరసం మాత్రమే కనిపించవచ్చు. మన దగ్గర గ్యాస్ అనుకుని ఆలస్యం చేసేది ఎక్కువగా ఇలాంటి వారి విషయంలోనే.

విశ్రాంతి తీసుకున్నా నొప్పి 15 నిమిషాలకు తగ్గకపోతే, లేదా చెమటలు పట్టి కళ్లు తిరుగుతుంటే, నిమ్మసోడా తాగి చూద్దామని కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లడం ప్రమాదకరం. ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావం సమస్య ఉన్నవారు కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగవచ్చు. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్రను వైద్యుడు ముందే రాసిచ్చి ఉంటేనే, అదీ కూర్చుని వాడాలి, ఎందుకంటే అది బీపీని హఠాత్తుగా పడగొట్టగలదు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదటి గంటల్లోనే బాగా పనిచేస్తుంది కాబట్టి, ఆలూరు నుంచో కళ్యాణదుర్గం నుంచో జమ్మలమడుగు నుంచో పెద్ద ఊరికి చేరేలోగా, దగ్గర్లో ఈసీజీ తీయగల ఆసుపత్రిలో ఆగి చూపించుకోవడం సమయం వృథా చేయడం కాదు.

మా ఇంట్లో ఎవరూ లావుగా లేరు, మాంసం కూడా తక్కువే. మరి 45 ఏళ్లకే ఎందుకొచ్చింది?

52 దేశాల్లో జరిగి 2004లో ప్రచురితమైన ఇంటర్‌హార్ట్ పరిశోధన తొమ్మిది అంశాలు గుండెపోటుతో ముడిపడి ఉన్నాయని తేల్చింది: పొగాకు, రక్తంలోని చెడు కొవ్వుల నిష్పత్తి, అధిక రక్తపోటు, మధుమేహం, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి, పండ్లు కూరగాయలు తక్కువగా తినడం, శారీరక శ్రమ లేకపోవడం, మద్యం తాగే తీరు. దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు ఇతరుల కంటే 5 ఏళ్లకు పైగా ముందే వస్తోందని కూడా అదే పరిశోధన చూపింది. మన శరీరతత్వంలో కాళ్లూ చేతులూ సన్నగా ఉండి నడుము మాత్రం పెరుగుతుంది. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే తూకం ఎంతున్నా అది హెచ్చరికే. తండ్రికో అన్నకో చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే లైపోప్రొటీన్ ఏ అనే పరీక్షను జీవితంలో ఒక్కసారైనా చేయించుకోవడం మంచిది, ఎందుకంటే అది చాలావరకు వంశపారంపర్యంగా వస్తుంది.

ఈసీజీ బాగానే ఉందన్నారు. ఇంకా టీఎంటీ, ఎకో ఎందుకు?

కూర్చున్నప్పుడో పడుకున్నప్పుడో గుండెకు రక్తం సరిపోతూ ఉండవచ్చు. లోటు శ్రమ చేసినప్పుడే బయటపడుతుంది. అందుకే టీఎంటీలో ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూస్తారు. ఎకో అనే గుండె స్కానింగ్‌లో కండరం ఎంత బలంగా కొట్టుకుంటోందో కనిపిస్తుంది గానీ బ్లాకులు నేరుగా కనిపించవు.

## జబ్బు ఉందని తేలాక

మా నాయనకు 60 శాతం బ్లాక్ ఉందన్నారు. పథ్యంతో కరిగిపోతుందా?

పూర్తిగా కరిగిపోతుందని ఎవరు చెప్పినా నమ్మవద్దు. ఎల్‌డీఎల్‌ను మందులతో బాగా దించినప్పుడు గడ్డ కొద్దిగా కుంచించుకుపోయినట్టు పరిశోధనల్లో కనిపించింది, కానీ అది శాతాల్లో గొప్పగా చెప్పుకునే మార్పు కాదు. అంతకంటే విలువైన లాభం మరొకటి ఉంది: గడ్డలోని మెత్తని కొవ్వు తగ్గి, పైపొర మందంగా మారి, చిట్లే ప్రమాదం తగ్గుతుంది. అంటే మళ్లీ యాంజియోగ్రామ్ (నాళాల్లో దారి ఎంత ఇరుకైందో చూపే ఎక్స్‌రే పరీక్ష) చేస్తే అదే 60 శాతం కనిపించవచ్చు, అయినా మీ నాయన ముందుకంటే భద్రంగా ఉన్నట్టే. ఆహారం, మందులు, నడక, పొగాకు మానడం అన్నీ కలిసి చేసే పని ఇది.

ల్యాబ్ కాగితంలో కొలెస్ట్రాల్ నార్మల్ అనే ఉంది. డాక్టరు ఇంకా ఎక్కువే అంటారేం?

కాగితంపై ముద్రించిన పరిమితులు ఏ జబ్బూ లేనివారి కోసం. గుండె నాళాల జబ్బు ఉన్నవారికి ఎల్‌డీఎల్ కనీసం 70 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వీలైతే 55 లోపుకు దించాలని వైద్యులు లక్ష్యంగా పెట్టుకుంటారు. కాబట్టి కాగితంలో 98 అని ఉండి పక్కన హెచ్చరిక గుర్తు లేకపోయినా, మీ విషయంలో అది ఎక్కువే. మొత్తం కొలెస్ట్రాల్ అంకెను చూసి సంతోషపడటం కంటే ఎల్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే మరో రకం కొవ్వు) అనే రెండు వరుసలను చదవడం నేర్చుకోండి.

పథ్యం గట్టిగా చేస్తే కొలెస్ట్రాల్ మాత్ర మానేయొచ్చా?

మానకూడదు. ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగాన్ని కాలేయమే తయారుచేస్తుంది. శ్రద్ధగా చేసిన పథ్యం ఎల్‌డీఎల్‌ను సాధారణంగా 10 నుంచి 15 శాతం వరకు తగ్గించగలదు. తగిన మోతాదులో వాడిన అటోర్వాస్టాటిన్ లేదా రోసువాస్టాటిన్ దాదాపు సగానికి తగ్గిస్తుంది. మరి పథ్యం ఎందుకంటే, బీపీ, చక్కెర, ట్రైగ్లిజరైడ్లు, నడుము చుట్టుకొలత ఇవన్నీ ఆ ఒక్క మాత్రతో తగ్గవు. కండరాల నొప్పులు వస్తే మాత్రను సొంతంగా ఆపకుండా వైద్యుడికి చెప్పండి. మోతాదు మార్చడానికి, వేరే మందు ఇవ్వడానికి మార్గాలున్నాయి. రిపోర్టు బాగా వచ్చిందంటే మందు అక్కరలేదని కాదు, మందు పనిచేస్తోందని అర్థం.

వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం, వెనిగర్ కలిపి కాచి తాగితే బ్లాకులు పోతాయట కదా?

పోవు. వాట్సాప్‌లో ఏళ్ల తరబడి తిరుగుతున్న ఈ కషాయం నాళపు గోడలో పేరుకున్న గడ్డను తొలగించినట్టు ఏ ఆధారమూ లేదు. కూరలో వేసుకునే వెల్లుల్లితో ఇబ్బంది లేదు. రక్తం పలచబడే మందులు వాడుతూ వెల్లుల్లి గుళికలను అదనంగా మింగితే రక్తస్రావం అవకాశం పెరగవచ్చు. తెల్లమద్ది చెక్క కషాయం తాగాలనుకునేవారు కనీసం వైద్యుడికి చెప్పి తాగాలి, మందులకు బదులుగా మాత్రం కాదు.

## వంటింట్లో

సంగటి తినొచ్చా? రాగి మంచిదంటారు కదా, ఎంతైనా తినొచ్చా?

తినవచ్చు, ఎంతైనా మాత్రం కాదు. పాలిష్ పట్టిన బియ్యంతో పోలిస్తే రాగిలో పీచు చాలా ఎక్కువ, దాదాపు నాలుగు రెట్లు; అది చక్కెర ఒక్కసారిగా పెరగకుండా చూస్తుంది, కొలెస్ట్రాల్‌కూ కొంత మేలు చేస్తుంది. అయితే ఇప్పుడు చాలా ఇళ్లలో, దాదాపు అన్ని హోటళ్లలో సంగటి అంటే బియ్యం వాటా ఎక్కువ, రాగిపిండి పేరుకు మాత్రమే. ఇంట్లో చేసుకునేటప్పుడు రాగిపిండి వాటా పెంచి, నూకను తగ్గించండి. రెండో సంగతి, సంగటిని మనం నమలం, పులుసులో అద్ది మింగుతాం. అందువల్ల కడుపు నిండిందని తెలిసేలోగా రెండు ముద్దలు లోపలికి వెళ్లిపోతాయి. పొలంలో రోజంతా వంగి పనిచేసిన తాతకు సరిపోయిన ముద్ద, దుకాణంలో కూర్చునే మనవడికి ఎక్కువవుతుంది. మిగిలిన పిండిపదార్థం ట్రైగ్లిజరైడ్లుగా మారుతుంది. అరచేతిలో ఇమిడే ఒక ముద్ద, దానికి రెండింతలు ఆకుకూర పప్పు లేదా ఉలవచారు, పక్కన పచ్చి ఉల్లి, దోసకాయ ముక్కలు ఉంటే గుండె రోగికి అంతకంటే మంచి మధ్యాహ్న భోజనం వెతకనక్కరలేదు. పైన పోసే నెయ్యిని, తలకాయ కూరను, బోటీని లెక్కలో పెట్టకుండా సంగటిని తప్పుపట్టడం న్యాయం కాదు.

అన్నం పూర్తిగా మాని కొర్రలు, జొన్నరొట్టెకు మారాలా?

పూర్తిగా మానాల్సిన పనిలేదు. రోజులో ఒక పూట జొన్నరొట్టె గానీ, కొర్రన్నం గానీ పెట్టుకుంటే చాలు. కొర్రలు కూడా పిండిపదార్థమే. అన్నం తిన్నంత కుప్పగా తింటే చక్కెర పెరగక మానదు.

ఏ నూనె మంచిది? వేరుశెనగ నూనె మానేయాలా?

మానేయనక్కరలేదు. వేరుశెనగ నూనెలో సంతృప్త కొవ్వు (చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే రకం) దాదాపు ఐదో వంతు; మిగతాది గుండెకు అంత హాని చేయని అసంతృప్త కొవ్వు. పామాయిల్‌లో సంతృప్త కొవ్వు దాదాపు సగం ఉంటుంది, కొబ్బరినూనెలో ఇంకా ఎక్కువ. పొద్దుతిరుగుడు, తవుడు, ఆవ నూనెలను వేరుశెనగతో మార్చి మార్చి వాడుకోవచ్చు. గానుగ నూనె రుచి బాగుంటుంది, అందుకు డబ్బు పెట్టదలచుకుంటే పెట్టండి. కొవ్వు, కేలరీలు మాత్రం మామూలు నూనెతో సమానమే. డబ్బా మీద కొలెస్ట్రాల్ లేదని రాయడం గొప్ప కాదు, ఏ మొక్క నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు.

అసలు తేడా కొలతలో వస్తుంది. నలుగురున్న ఇంట్లో నెలకు 2 లీటర్ల నూనె అయితే తలకు రోజుకు 17 మిల్లీలీటర్లు, అంటే మూడు చిన్న చెంచాలకు కొంచెం ఎక్కువ. ఇది సరైన హద్దు. మన ఇళ్లలో 4 లీటర్లు తెచ్చుకోవడం మామూలైపోయింది, అప్పుడు తలకు 33 మిల్లీలీటర్లు దాటుతుంది. కాబట్టి నెల సరుకుల చీటీలోనే నూనెను తగ్గించి రాయండి. డబ్బా ఇంట్లో ఉంటే తాలింపులో చెయ్యి దానంతటదే జారుతుంది. పూరీలు, బజ్జీలు వేయించిన నూనెను మళ్లీ మళ్లీ కాచడం మానాలి. వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వును 2022 నుంచి మన దేశంలో 2 శాతానికి పరిమితం చేశారు, అయినా అందులో సంతృప్త కొవ్వు ఎక్కువే.

నెయ్యి అసలు వద్దా?

నెయ్యిలో సగానికి పైగా సంతృప్త కొవ్వే. మొత్తం నూనె కొలతలోంచి తీసి రోజుకు ఒక చిన్న చెంచా వాడితే సర్దుకోవచ్చు; ఎల్‌డీఎల్ లక్ష్యానికి చేరనివారు అదీ మానడమే మేలు.

బుడ్డలు కొవ్వు కదా, తింటే కొలెస్ట్రాల్ పెరగదా?

పెరగదు. వేరుశెనగ గింజల్లో ఎక్కువగా ఉండేది అసంతృప్త కొవ్వు, దానితోపాటు మంచి మాంసకృత్తులు, పీచు దొరుకుతాయి. ఉడకబెట్టినవి గానీ, ఉప్పు లేకుండా వేయించినవి గానీ రోజుకు ఒక గుప్పెడు, అంటే సుమారు 30 గ్రాములు తినవచ్చు. అందులోనే దాదాపు 170 కేలరీలు ఉంటాయి కనుక, భోజనం మీద అదనంగా కాకుండా సాయంత్రపు మిక్చర్‌కు బదులుగా తినాలి. ఆ రోజు ఊరుబిండి చేసుకుంటే ఆ గింజలనూ అదే గుప్పెట్లో లెక్కేయండి.

కారం తగ్గించమంటారా, ఉప్పు తగ్గించమంటారా?

ఉప్పే. మిరప కారం గుండె నాళాలకు హాని చేస్తుందని చెప్పడానికి ఆధారం లేదు; కడుపు మంట ఉన్నవారు తగ్గించుకుంటే చాలు. చిక్కేమిటంటే, కారం ఎక్కువైనకొద్దీ దానికి సరిపడా ఉప్పు కూడా పడుతుంది, ఆపైన అన్నమూ ఎక్కువ తింటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే తలగొట్టిన ఒక చిన్న చెంచా. నలుగురున్న ఇంట్లో నెలకు కిలో ఉప్పు ప్యాకెట్ ఖాళీ అవుతుంటే, తలకు రోజుకు 8 గ్రాములు దాటినట్టే. ఆవకాయ, గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు, కారప్పొడులు, బొరుగులు, బేకరీ బిస్కట్లలోని ఉప్పు దీనికి అదనం. ఇంట్లో ఉప్పును ఒక్కసారిగా మానితే రెండో రోజే అందరూ తిరగబడతారు. రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా తగ్గించి, పులుపు, వెల్లుల్లి, కొత్తిమీరతో సరిపెడితే నాలుక అలవాటుపడుతుంది.

సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం కలుస్తుంది. టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ వంటి మందులు వాడేవారు, కిడ్నీ బలహీనంగా ఉన్నవారు వైద్యుడిని అడగకుండా దానిని వాడకూడదు. సైంధవ లవణం కూడా సోడియమే, దానివల్ల ప్రత్యేక లాభం లేదు.

నాటుకోడి, మటన్, గుడ్లు, చేపలు: ఏది తినొచ్చు?

చేపలకు మొదటి స్థానం. తుంగభద్ర, శ్రీశైలం జలాశయపు చేపలను పులుసు చేసుకుని వారానికి రెండుసార్లు తినవచ్చు, వేపుడు మాత్రం వద్దు. కోడి మాంసాన్ని చర్మం తీసి వండితే నాటుదైనా ఫారందైనా గుండెకు పెద్ద తేడా లేదు. నాటుకోడి పులుసులో తేలే నూనెను గరిటెతో తీసేయండి. మటన్‌ను నెలలో ఒకటి రెండు సార్లకు, కొవ్వు తీసిన ముక్కలకు పరిమితం చేసి, మెదడు, కార్జం, బోటీ మానుకోవాలి. ఒక గుడ్డు పచ్చసొనలో దాదాపు 200 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటుంది. మధుమేహం కూడా ఉన్నవారు వారానికి మూడు నాలుగు పచ్చసొనలతో ఆపి, తెల్లసొన రోజూ తినవచ్చు. మాంసం తిననివారికి కందిపప్పు, పెసలు, అలసందలు, ఉలవలు, మీగడ తీసిన పెరుగు సరిపోతాయి.

చీనీ (బత్తాయి) రసం, అరటిపండు, దానిమ్మ తినొచ్చా? షుగర్ కూడా ఉంది.

రసం కాకుండా పండుగా తినండి. నాలుగు చీనీకాయలు పిండితే ఒక గ్లాసు వస్తుంది, పీచంతా పిప్పిలో పోతుంది. షుగర్ ఉన్నవారు ఒక పూటకు ఒక చీనీ, లేదా చిన్న అరటిపండు, లేదా అరకప్పు దానిమ్మ గింజలు, లేదా బొప్పాయి, జామ ముక్కలు తినవచ్చు, భోజనం వెంటనే కాకుండా మధ్యలో. కూరగాయలు, పండ్లు కలిపి రోజుకు 400 గ్రాములకు తగ్గకూడదు.

చక్కెరకు బదులు బెల్లం వాడితే మంచిదేనా?

రక్తంలోకి వెళ్లాక రెండూ ఒక్కటే.

రక్తం పలచబడే మందు వేసుకుంటే ఆకుకూరలు తినకూడదంటారు, నిజమేనా?

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్ వాడేవారికి ఆకుకూరలతో ఇబ్బంది లేదు. వాల్వు మార్చినవారు వాడే వార్ఫరిన్, అసిట్రోమ్ మందులకు మాత్రమే ఈ నియమం వర్తిస్తుంది. వారు కూడా పూర్తిగా మానకుండా ప్రతి వారం ఒకే పరిమాణంలో తినాలి.

## బయట తిండి, పండుగలు, ఉపవాసాలు

ఉగ్గాని బజ్జి, కారం దోశ ఇక జన్మలో తినకూడదా?

ఉగ్గానితో అంత పేచీ లేదు. బొరుగులను నానబెట్టి పిండి, తక్కువ నూనెతో తాలింపు వేసి, పుట్నాల పొడి, ఉల్లి, నిమ్మరసం చేర్చి, మొలకెత్తిన పెసలు కలుపుకుంటే మంచి పలహారమే. బొరుగుల్లో ముందే ఉప్పు ఉంటుంది కాబట్టి మళ్లీ వేయవద్దు. పక్కనున్న మిరపకాయ బజ్జీయే అసలు చిక్కు, ఎందుకంటే హోటల్‌లో ఆ నూనె పొద్దుటి నుంచి కాగుతూనే ఉంటుంది. కడప కారం దోశను ఇంట్లో ఇనుప పెనం మీద ఒక చెంచా నూనెతో కాల్చి, ఎర్రకారంలో ఉప్పు తగ్గించి నెలలో ఒకట్రెండు సార్లు తింటే తప్పులేదు.

ఉగాదికి బక్షాలు (బొబ్బట్లు) చేసుకుంటాం. ఒక్కటైనా తినొద్దా?

ఒకటి తినండి, నెయ్యి లేకుండా, ఆ పూట అన్నం తగ్గించి. పండుగనాటి బక్షం కంటే పండుగ తర్వాత వారం రోజులు డబ్బాలో మిగిలే తీపి ఎక్కువ చేటు చేస్తుంది.

రంజాన్ ఉపవాసం ఉండొచ్చా?

ఇటీవల గుండెపోటు వచ్చినవారు, స్టెంటు లేదా బైపాస్ (మూసుకున్న నాళాన్ని తప్పించి రక్తానికి కొత్త దారి వేసే ఆపరేషన్) కొత్తగా జరిగినవారు, నొప్పి అదుపులో లేనివారు, హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవారు ఉండకూడదు. జబ్బు నిలకడగా ఉన్నవారు నెల మొదలవకముందే వైద్యుడిని కలిసి, మందుల వేళలను సహరీ, ఇఫ్తార్‌లకు మార్పించుకోవాలి. ఇన్సులిన్, షుగర్ మాత్రల మోతాదును సొంతంగా మార్చకూడదు. ఇఫ్తార్‌ను ఖర్జూరం, నీళ్లు, పండ్లతో మొదలుపెట్టి, సమోసాలు, హలీం మీది నెయ్యి విషయంలో చెయ్యి బిగించండి. ఏకాదశి ఉపవాసం ఉండి రాత్రికి పూరీలు తినేవారికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

రోజుకు ఒక పెగ్గు గుండెకు మంచిదంటారు. బీడీలు తగ్గించాను, చాలదా?

గుండె కోసం మద్యం మొదలుపెట్టమని ఏ వైద్యుడూ చెప్పడు. బీడీ, గుట్కా, ఖైనీల విషయంలో తగ్గించడం చాలదు, రోజుకు ఒకటి రెండు కాల్చినా ప్రమాదం గణనీయంగానే ఉంటుంది.

## స్టెంటు, బైపాస్ తర్వాత

స్టెంటు పడింది కదా, ఇక పథ్యం ఎందుకు?

స్టెంటు సరిచేసేది ఒక నాళంలోని ఒక అంగుళం మేరనే. జబ్బు మాత్రం అన్ని నాళాల గోడల్లోనూ ఉంటుంది. గుండెపోటు తర్వాత స్టెంటు వేసినవారు సాధారణంగా ఏడాది పాటు రక్తం గడ్డకట్టకుండా చూసే రెండు రకాల మందులు వాడాలి. పన్ను పీకించుకోవడానికనో, మందుల చీటీ అయిపోయిందనో వాటిని మధ్యలో ఆపితే స్టెంటులోనే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఊరికి వెళ్లేటప్పుడు బట్టల కంటే ముందు మాత్రలు సర్దుకోండి.

బైపాస్ అయ్యాక అమ్మకు ఆకలే లేదు. పథ్యం పేరుతో గంజి పెడుతున్నాం, సరేనా?

సరికాదు. కోత మానడానికి మాంసకృత్తులు కావాలి. మొదటి నెలన్నర రోజులు తెల్లసొన, పప్పు, పెరుగు, చేప, మెత్తని రాగి జావలను కొద్దికొద్దిగా ఐదారుసార్లు పెట్టండి. మలబద్ధకంతో ముక్కడం గుండెకు మంచిది కాదు కాబట్టి ఆకుకూర, బొప్పాయి రోజూ ఉండాలి.

మన ఎండలకు నీళ్లు ఎంత తాగాలి? ఉప్పు మజ్జిగ తాగొచ్చా?

గుండె కండరం బలంగా ఉన్నవారు ఏప్రిల్, మే నెలల్లో దాహం కాకముందే కొంచెం కొంచెంగా తాగుతూ ఉండాలి. పలుచని మజ్జిగలో ఉప్పుకు బదులు జీలకర్ర, అల్లం, కరివేపాకు వేసుకోవాలి. మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్రలు వాడేవారికి నీళ్ల కొలతను వైద్యుడు చెప్పి ఉంటాడు, ఎండాకాలానికి దాన్ని మార్చాలేమో ముందే అడగండి. లేవగానే కళ్లు తిరిగితే బీపీ పడిపోతోందేమో చూపించుకోవాలి. కాళ్లు వాచి, రెండు మూడు రోజుల్లో బరువు 2 కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టు. తర్వాతి అపాయింట్‌మెంట్ వరకు ఆగకుండా వెంటనే వెళ్లాలి.

నడక ఎప్పుడు, ఎంతసేపు?

వైద్యుడు అనుమతించాక రోజుకు 10 నిమిషాలతో మొదలుపెట్టి, వారంలో ఐదు రోజులు 30 నిమిషాలకు పెంచండి. మాట్లాడగలిగేంత వేగం చాలు. వేసవిలో ఉదయం ఏడు దాటకముందే ముగించాలి, తిన్న వెంటనే నడవకూడదు. నడకలో ఛాతీ పట్టేస్తే అక్కడే కూర్చోవాలి, ఇంటిదాకా వెళ్లి చూద్దామనుకోకూడదు. జేబులో వైద్యుడు రాసిచ్చిన మాత్ర, వాడుతున్న మందుల చీటీ, ఇంటివాళ్ల ఫోన్ నంబరు ఉంచుకోవాలి.